చెట్టు లేని కల్లు

జూలై 5, శనివారం

చెప్పు, ఒక్క తాటిచెట్టు లేని ఈ ముంబై కామాటిపురాలో రోజూ ఇన్ని డ్రమ్ముల కల్లు ఎక్కడి నుంచి వస్తోంది? తెలియనట్టు నటించకు. గల్లీలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నీళ్ళు, సాకరిన్, నురుగు, ఆ తెల్ల పొడి. నిద్రమాత్రల్లో వేసే మందే, ఎక్కడో దొంగతనంగా వండి మూటల్లో పంపుతారు. నా తమ్ముడు ఎల్లయ్యను తిన్నది అదే. కలిపి పోసినవాడు సుదర్శన్ — ఫోరస్ రోడ్ పక్క గల్లీలో కల్లు దుకాణం. తమ్ముడి దినాలకు పూలదండ తెచ్చాడు.

వాడికి లైసెన్స్ ఉంది కదా అంటారు. ఉండనీ. లైసెన్స్ కూడా ఒక వరమే. పురాణం నిండా ఇదే కథ — అసురుడు అన్నీ అడుగుతాడు, ఒక్కటి మరిచిపోతాడు. చావు అక్కడ కూర్చుని ఉంటుంది. వీడు ఏం మరిచాడు...

జూలై 8, మంగళవారం

దాడి. నా అర్జీకి ఇన్నాళ్ళకు పోలీసులు కదిలారు. డ్రమ్ములు గటర్‌లో పారబోశారు — గల్లీ అంతా పుల్లటి కంపు. సుదర్శన్‌ను జీపు ఎక్కిస్తుంటే ముందుకు తోసుకుని పోయి నిలబడ్డాను, నన్ను చూడాలని. చూశాడు. కడుపు నిండింది.

పొడి దొరికిందా అని పోలీసు సాహెబ్‌ను అడిగాను. "ఇక్కడ కల్లే ఉంది కాకా. కల్లుకు వేరే కాయదా, పొడికి వేరే కాయదా..." మిగతాది వినిపించుకోలేదు. ఆ ఆనందంలో చట్టం ఎవడికి కావాలి.

జూలై 9

గల్లీలో ఒక్కడూ తూలడం లేదు.

జూలై 10, గురువారం

భజన. వాన కొడుతున్నా జనం కిక్కిరిశారు. అసుర సంహారం చెబుతున్నాను. నడుమ కుర్మయ్య లేచాడు. పాలమూరు కూలీ. పొద్దున్నే పని కోసం నాకాలో, కూలీల అడ్డా మీద, ఎల్లయ్య పక్కన నిలబడేవాడు, సాయంత్రం వాడి పక్కనే కూర్చుని తాగేవాడు. ఒళ్ళంతా వణుకు, కళ్ళు పైకి. "అమ్మ వచ్చింది" అన్నారు ఆడవాళ్ళు. వేపమండలు, పసుపు నీళ్ళు. నేనే కాళ్ళ మీద పడ్డాను. తల్లీ, సుదర్శన్‌కు ఏ శిక్ష వేస్తావు?

"పురుగులు... గోడ నిండ పురుగులు..."

వాడు పురుగులు పడి చస్తాడని జనానికి అర్థం చెప్పాను. చప్పట్లు. ఎల్లయ్య భార్య లక్ష్మి ఒక్కతే దండం పెట్టలేదు.

జూలై 11

తెల్లారేసరికి కుర్మయ్య పడిపోయాడు. నాలుక కొరుక్కున్నాడు, నోటి నిండా రక్తం. పెద్దాసుపత్రి. డాక్టరమ్మ మరాఠీ పిల్ల. దేవి పూనిందని చెప్పాను.

"దేవి కాదు కాకా. ఆ పొడికి అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ఇట్లాగే అవుతుంది. లేనివి కనపడతాయి. ప్రాణం కూడా పోతుంది. మందు ఇస్తూ మెల్లగా మాన్పించాలి. ఎవరు ఆపించారు?"

అర్జీ రాసిన చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

పక్క మంచాల మీద కూడా మనవాళ్ళే. చేతులు మంచాలకు కట్టేసి ఉన్నాయి. దాడికి అంతమంది వచ్చారు, వెంట ఒక్క డాక్టరైనా వచ్చాడా? ఒలకబోసి పోయారు.

జూలై 12, శనివారం

సుదర్శన్ బయటికి వచ్చాడు. జామీన్. పాన్ డబ్బా దగ్గర నిలబడి, అందరూ వినేటట్టు —

"రాజన్నా, నీ భజనల అందరు గజగజ ఊగుతున్నరంట గదా. మస్తు పవర్ ఉన్న దేవుడే దొరికిండు నీకు."

నవ్వారు. సంచీలో పొడి కల్లు సీసాలు. వణికేవాళ్ళ ఇళ్ళకు ఊరికే పంచుతున్నాడు.

పై అంతస్తు బాలమ్మ గుమ్మంలోనే ఆపింది. "నీ దేవుడు నా కొడుకును ఊపిండు. ఆయన సీసా పండబెట్టింది. ఎవలకు మొక్కాలె, నువ్వే చెప్పు."

అన్నిటికీ అర్థం చెప్పేవాణ్ణి. మెట్లు దిగి వచ్చేశాను.

వాడి ఇంటి దీపం ఆరాలి. వాడి గొంతులో వాడి కల్లే పోయాలి. దేవుడు వింటే విననీ.

జూలై 14

కుర్మయ్యకు తెలివి వచ్చింది. చెప్పాడు. పొడి దుకాణంలో ఎన్నడూ లేదు. వర్లీలో ఒక చాల్, వరస గదుల బిల్డింగు. కింది అంతస్తులో ఒక గది, ఖోలీ. మూటలు దిగేది అక్కడ, కలిపేది అక్కడ. డబ్బాలు మోసింది తనే.

దొరికింది. అన్ని వరాలూ అడిగినవాడు మోసేవాణ్ణి మరిచాడు.

"చూపిస్త అన్నా. గని మోసినోన్ని నేను. కాయదా ముందుగాల నన్నే పట్టుకుంటది. ఊర్ల నా పెండ్లాం..."

పట్టుకోనీ అనుకున్నాను. నిజంగానే. ఎల్లయ్యకు బదులు సుదర్శన్ పోవాలి, దారిలో ఒక కుర్మయ్య పోతే పోనీ.

మంచం అవతల లక్ష్మి నా మొహం చూస్తూ ఉంది. "బావా, ఇంగో ఆడిదాన్ని నా లెక్క చేస్తవా?"

జూలై 15, మంగళవారం

పొద్దున్నే దాదర్. తెలుగు వకీలు. ముందు కుర్మయ్యను తన దగ్గరికే తీసుకురమ్మన్నాడు — సాక్షిగా వాంగ్మూలం, ఆ తర్వాతే పోలీసు. నేరుగా ఠాణాకు పోతే మోసినవాడే ముద్దాయి. సాక్షిగా కోర్టు ఒప్పుకుంటుందా? "మాట ఇయ్యలేను."

తిరిగి వస్తే ఆసుపత్రి మెట్ల మీద బాలమ్మ. కొడుకును తనే తెచ్చి చేర్పించింది. ఈ రోజు సీసాకు పైసలు అడిగాడట సుదర్శన్. నా వైపు చూడకుండానే అంది — "టెంపో మాట్లాడిండు. వర్లీకి. పొద్దుగూకంగనె."

పొద్దుగూకితే ఖోలీ ఖాళీ. గోడలు కడిగేస్తారు. చట్టం వచ్చి తడి నేల చూసి పోతుంది.

కుర్మయ్య మంచం మీద కూర్చుని చొక్కా తొడుక్కున్నాడు. మళ్ళీ విప్పాడు. డాక్టరమ్మ కాసేపటికైతే పోనిస్తానంది. వకీలు చెప్పినదంతా చెప్పాను, మాట ఇవ్వలేనన్నది కూడా. బలవంతం చేయను. ఇది రాస్తుంటే పళ్ళు కొరుకుతున్నాను, కసి ఇసుమంత తగ్గలేదు. అతను వస్తే దాదర్ వకీలు మీదుగా పోలీసు దగ్గరికి ఇద్దరం. రాకపోతే వర్లీ చాళ్ళలో కింది తలుపులన్నీ నేనే తడతాను.

ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఇంకా ఏం రాస్తున్నావు? లే. మబ్బు పట్టింది, చీకటి ముందే పడుతుంది. టెంపో కదలకముందే పో. రేపు కాదు, ఇప్పుడే.