చంద్రయ్య బర్రె నాకు చేపింది

బుధవారం, రాత్రి

నా బామ్మర్ది చంద్రయ్య హోటల్ దగ్గర నలుగురిలో అన్న మాట ఎనిమిదేళ్లయినా నేను మరవలేదు. అప్పుడు నా బర్రె దూడ చచ్చిపోయింది. దూడ బతికే ఉందనుకుని పాలిస్తుందని, దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టమన్నారు. నేను మోసం చేయనన్నాను. బర్రె పక్కనే కూర్చుని మెడ నిమిరాను.

"మా బావ బర్రెను పరామర్శ చేస్తుండు, జర రెండు చాయ్‌లు పంపుండ్రి" అని వాడు అందరినీ నవ్వించాడు. మర్నాడు నా బర్రె చేపి బకెట్టు నిండా పాలిచ్చింది. ఆ సంగతి మాత్రం వాడు ఎవరికీ చెప్పలేదు.

ఈ పొద్దున వాడే వచ్చాడు. వాడి బర్రె దూడ పోయి రెండు రోజులట. గడ్డి దూడను వాసన చూసి ఒక్క తన్ను తన్నిందట. పొదుగు రాయిలా ఉంది. పాలియ్యకపోతే సోమవారం అంగడిలో అమ్మేస్తానన్నాడు.

"నువ్వు జర చెయ్యి పెట్టరాదు, బావా."

"ముందుగాల నువ్వు అవతలికి పో. నీ లొల్లికే అది బెదురుతున్నది."

వాడి కొట్టంలో ఆ బర్రె, దూడను కట్టిన గుంజ వైపే చూస్తుంటే నేనూ అటే చూస్తూ కూర్చున్నాను. పొద్దుగూకే వేళ నా భుజం మీద మూతి ఆనించింది. పాలు సర్రున దిగాయి. చంద్రయ్య బకెట్టు కోసం ఉరికాడు.

నేను పెద్దగా చదువుకోలేదు. దుఃఖంలో ఉన్నదాన్ని ఏమీ అడగకుండా దగ్గర కూర్చోవాలని బర్రెలే నేర్పాయి. నాకు వయసు మీద పడింది, నా తర్వాత ఈ పని ఎవరు...

పక్కన ఎవరూ కూర్చోకపోతే అది మళ్లీ పాలియ్యదు, వాడు అంగడికి తోలుతాడు; అందుకే రేపు వాడి ముఖం మీదే అడుగుతాను. రోజూ దాని పక్కన నువ్వు కూసుంటవా, లేకుంటే నా కొట్టంల కట్టేస్తవా? ఆదివారం పొద్దుగూకకముందే చెప్పాలె, చంద్రయ్యా.