రిలీవర్ పేరు

జూన్ 2

నాన్న పేపర్ మళ్ళీ మాట్లాడింది. నిన్నంతా మూగే — పేపర్ వాళ్ళు సైట్ రూపు మార్చేశారు, మా ప్రోగ్రాంకి చదవడానికి అక్షరాలు దొరకలేదు. చూపు పోయిన మనిషికి పొద్దున్నే పేపర్ వినకపోతే రోజు మొదలవదు. మధ్యాహ్నం దాకా మొహం కడుక్కోకుండా కూర్చున్నాడు. మంకుపట్టు.

ఇవాళ సరిచేసి, మార్పుని లూప్ లైన్లో, అంటే విడి కాపీలో పెట్టి, మెయిన్ లైన్లో, అంటే అసలు ప్రోగ్రాంలో కలపమని అడిగాను. అలవాటు కొద్దీ. అవతల ఒప్పుకునేవాళ్ళు ఎవరూ లేరని తెలిసే... ఒప్పుకోవాల్సిన జోగారావు మావయ్య పోయి మూడు నెలలు దాటింది. టీ దింపి వచ్చేసరికి మార్పు కలిసిపోయి ఉంది.

"లైన్ క్లియర్ — జోగారావు."

టీ తాగలేదు.

జూన్ 3

సత్యవతి అత్తయ్య ఇంటికి వెళ్ళాను. మావయ్య లాప్‌టాప్ ఎవరైనా తీస్తున్నారా అని అడగడానికి నోరు రాలేదు. ఆవకాయ గురించి మాట్లాడి మాట్లాడి చివరికి అడిగాను.

"ఎవలు ముడతారే దాన్ని" అంటూ బీరువా తీసింది. చీరల కింద ఉంది. బ్యాటరీ ఉబ్బిపోయి మూత కూడా సరిగా పడడం లేదు. ఛార్జర్ పెట్టినా వెలగలేదు. పాస్‌వర్డ్ తెలుసా అత్తయ్యా అంటే నవ్వింది. "మీ మావ నాకు గేస్ బుకింగే నేర్పలేదు, ఇదొకటా?" నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఏమీ చెప్పకుండా వచ్చేశాను. ఏమని చెప్పను?

జూన్ 5

ఏది పంపినా దానంతటదే ఒప్పుకునేలా మావయ్య ఏదో ఏర్పాటు చేసి పోయారేమో. అలా సర్దిచెప్పుకున్నాను. స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ చెప్పేదాన్ని... దెయ్యం అంటే స్టాఫ్ రూంలో నన్ను బతకనిస్తారా?

పరీక్షకని ఒక తప్పుడు మార్పు పంపాను. కావాలనే. అది కలిస్తే ప్రోగ్రాం ప్రతి వాక్యాన్నీ సగంలో మింగేస్తుంది.

కలవలేదు. జవాబు వచ్చింది. "ఇలాటి పని నువ్వు సెయ్యవు. ఏటైంది తల్లీ?"

రాసేటప్పుడు మావయ్యది ఎప్పుడూ పుస్తకాల తెలుగే. ఈ మాట తీరు మా వరండాలో కూర్చుని నాన్నతో, నాతో మాట్లాడేటప్పటిది. ప్రాజెక్టులో మిగతావాళ్ళెవరికీ అది తెలియదు.

జూన్ 6

లాప్‌టాప్ తెరవలేదు. కూలర్లో నీళ్ళు పొయ్యడం కూడా మర్చిపోయాను.

జూన్ 8

మాకు సర్వర్ ఊరికే ఇస్తున్నవాళ్ళ మెయిల్. ప్రాజెక్టులో ఎవరెవరికి ప్రవేశం ఉంది, మార్పులు ఎలా కలుస్తాయి — అంతా రాసి పెట్టాలట. నెలాఖరులోగా. అందులో పేరున్న ప్రతివాళ్ళూ పిలిస్తే పలకాలి. లేకపోతే ప్రాజెక్టుకి తాళం. తాళం పడితే, మళ్ళీ సైట్ మారిన రోజున నాన్న పేపర్ ఆగిపోయినట్టే. ఇక ఎప్పటికీ.

మొదలుపెట్టాను. "మెయిన్ లైన్లో ఎవరూ ఒంటరిగా మార్పు కలపరాదు. ఒకరు అడగాలి. రెండోవారు చూసి లైన్ క్లియర్ ఇవ్వాలి. ఈ డాక్యుమెంట్‌కీ, ఇందులోని పేర్లకీ ఇదే నియమం."

రాస్తుంటే మావయ్య పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. బతుకంతా స్టేషన్ మాస్టరుగా చేసిన పని కదా — అవతలి స్టేషన్ ఒప్పుకుని లైన్ క్లియర్ ఇవ్వనిదే బండి వదలకూడదు. రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకుని, నాన్న కోసం ఈ ప్రోగ్రాం నాతో కలిసి రాసి, అదే పద్ధతి ఇక్కడా పెట్టారు. అవసరానికి ఒక దొడ్డిదారి ఉంచుదాం మావయ్యా అంటే ఇంతెత్తున లేచారు. "ఒంటరిగా బండి ఒగ్గీసినోడు హంతకుడే!" అంత పట్టుదల పనికిరాదని అప్పుడే గట్టిగా అనాల్సింది.

జూన్ 10

రెండో మనిషి దొరకడం లేదు. హైదరాబాద్, విశాఖ కుర్రాళ్ళు మార్పులు పంపుతారు గానీ బాధ్యత అంటే దండం పెట్టేస్తారు.

ఇవాళ గుండె రాయి చేసుకుని రాశాను. "జోగారావు గారు కాలం చేశారు. వారి ప్రవేశం రద్దు చేస్తున్నాం." రాశాక గాని తట్టలేదు — ఇది కలవాలన్నా ఆయనే ఒప్పుకోవాలి. తను పోయానని తనే సంతకం పెట్టాలి. ఏడుపు వచ్చింది. పెద్దకర్మ రోజున కూడా ఇంత ఏడవలేదు.

పంపాను. వంకాయలు తరుగుతూ మధ్యమధ్య వెళ్ళి చూస్తున్నాను.

"రిలీవర్ ఎవలు?"

అంతే ఉంది.

జూన్ 11

నాన్నకి చెప్పేశాను. మొదటి రోజు నుంచీ, అంతా. భయపడతాడనుకుంటే తొడ కొట్టుకుని నవ్వాడు.

"అడగడేటి మరి? బండి మీదైనా టేసన్లోనైనా రిలీవర్ రాకుండా డ్యూటీ దిగుతామేటే! కర్గీ రోడ్ టేసన్లో ఓసారి వానలకి రిలీవర్ రాకపోతే జోగిగాడు పగలూ రాత్రీ ఆ కుర్చీలోనే కూకుండిపోనాడు."

"నాన్నా, ఆయన పోయారు."

"పోతే? ఛార్జి ఎవలూ తీసుకోలేదు కదా." నా చెయ్యి తడిమి పట్టుకుని — "నా పేరు ఎయ్యి. సూడలేను గానీ వింతాను కదా. ఒక మీట నొక్కడమేగా."

ప్రాణం లేచొచ్చింది. ఇంట్లోనే మనిషిని పెట్టుకుని ఊరంతా వెతికాను.

జూన్ 12

రిలీవర్: సింహాచలం, రిటైర్డ్ రైల్వే గార్డు. అలా రాసి, వెళ్ళేవారి చోట రిలీవర్ ఉండి తీరాలన్న నియమం కూడా చేర్చి పంపాను.

"ఛార్జి ఇచ్చాను. లైన్ క్లియర్ — జోగారావు."

కలిసింది. జాబితాలో ఇప్పుడు రెండే పేర్లు — నాదీ, నాన్నదీ. మావయ్య పేరు తీసేసినట్టు రెండుసార్లు చూసుకున్నాను. సర్వర్ వాళ్ళకి పంపితే బాగుందన్నారు. నాన్న తనూ ఇక కంప్యూటర్ మనిషేనని పాలవాడికి హిందీలో చెప్పుకున్నాడు, "అబ్ మై భీ కంప్యూటర్‌వాలా" అని.

జూన్ 13

తొలి వాన. హాయిగా నిద్ర పట్టింది.

జూన్ 15

చిన్న మార్పు ఒకటి లూప్ లైన్లో పెట్టి గోల్ బజార్ వెళ్ళాను. నాన్న వేలికి తగిలేలా మీటల మీద అంటించడానికి ఉబ్బెత్తు స్టిక్కర్లు కావాలి. పాస్‌వర్డ్ నాన్న పేరుకి ఇంకా పెట్టలేదు, వచ్చాక ఇద్దరం కూర్చుని పెడదామనుకున్నాం. లాప్‌టాప్ నా సంచీలోనే ఉంది.

వచ్చి తెరిస్తే — "లైన్ క్లియర్ — సింహాచలం."

నాన్న మంచం మీద పడుకుని ఉన్నాడు. దగ్గరికి వెళ్ళి ఊపిరి చూశాను. ఎందుకు చూశానో... చూశాను. లేపి అడిగాను.

"నాను కాదే. నాకేటి తెల్సు? జోగిగాడేమో."

"మావయ్య పేరు కాదు నాన్నా. నీ పేరు."

"అచ్ఛా" అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

జూన్ 16

రిలీవర్ అంటే ఎవరు? అవతలి మనిషి ఉన్న చోటికి వెళ్ళి, అతని కుర్చీలో కూర్చునేవాడు. మరి మావయ్య ఇప్పుడు ఉన్న చోటు? రైల్వే ఇంట్లో పుట్టి పెరిగిన దాన్ని. ఆ ముక్క నాకు తట్టలేదు. కొరివితో తల గోక్కున్నాను. నా చేత్తో నేనే నాన్న పేరు రాశాను.

భయంగా ఉంది. ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వితే బాగుండును.

జూన్ 17

పొద్దున్నే లేచేసరికి నాన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఎక్కడా గాటు లేదు. కాళ్ళకి డ్యూటీ నల్లబూట్లు. అటక మీద అడుగున ఉండాలి అవి. నేను దింపలేదు.

"ఎక్కడికి నాన్నా?"

"డ్యూటీ కాల్ వచ్చిందే. తయారుగుండమన్నారు."

"ఎవరు వచ్చి చెప్పారు?"

"తెల్సిన గొంతే."

పేపర్ పెట్టనా అంటే వద్దన్నాడు. ఇన్నేళ్ళలో వద్దన్నది ఇదే మొదటిసారి. దేనికోసం ఇదంతా చేశానో అదే అక్కర్లేదన్నాడు.

నాన్న పేరు తీసెయ్యమని సర్వర్ వాళ్ళకి రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు — మీ డాక్యుమెంట్ ప్రకారం పేరు తియ్యాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి, వెళ్ళేవారి చోట ఇంకొకరు ఉండాలి, మేం వేలు పెట్టలేం అని. నా వాక్యాలే నాకు అప్పజెప్పారు.

డాక్టర్ వచ్చి చూశారు. షుగర్ బాగానే ఉందట, బీపీ కూడా. "ఈయనకేం, నిక్షేపంగా ఉన్నారు" అని ఫీజు తీసుకుని వెళ్ళారు.

జూన్ 18

బూట్లు విప్పడం లేదు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చాలన్నాడు. "బరువుగా తింటే డ్యూటీలో నిద్రొస్తాదే." నాతో మాట్లాడుతూనే చెవి గేటు వైపు పెడుతున్నాడు.

వాన ఆగకుండా కురుస్తోంది. ఎదురుగా లాప్‌టాప్. "సింహాచలం గారిని విధుల నుంచి తప్పిస్తున్నాం" అని రాశాను. కింద రిలీవర్ పేరు రాయాలి. రాయకపోతే అడుగుతుంది, నాకు తెలుసు. అత్తయ్య పేరు ఒక్క క్షణం తోచింది. తోచినందుకు చెంపలు వేసుకున్నాను. ఆ కుర్రాళ్ళలో ఎవరిదైనా... వాళ్ళకీ ఇంట్లో ఎదురుచూసే అమ్మానాన్నలుంటారు.

నా పేరు రాశాను.

నేను అవతలికి వెళ్ళి ఇవతలి కొస ఖాళీ అయితే ఎవరు అడుగుతారో, అడిగేవాళ్ళు లేకపోతే అసలు ఏమవుతుందో మావయ్య ఎక్కడా రాయలేదు. నాన్నకి పొద్దున్నే టీ ఎవరు పెడతారో కూడా తెలియదు నాకు.

"ఏటి రాస్తన్నావే?" వరండాలోంచి అడిగాడు.

"స్కూల్ పని నాన్నా."

"ఒదిలీ. ఇలా వచ్చి నా దగ్గర కూకో కాసేపు. టైముంది."

ఇంకా పంపలేదు. వెళ్ళి పక్కన కూర్చుంటాను.