యజమాని ఇంట్లోనే అడుగుతాను

తిరువనంతపురం

అక్కా, క్షేమంగా చేరాను. హాస్టల్లో గంజి బాగానే ఉంది. పీహెచ్‌డీకి దేనిమీద రాస్తావని మా గైడు లీలామణి మేడం అడిగింది. జీడిపప్పు ఫ్యాక్టరీల యజమానుల మీద అన్నాను.

"పిచ్చిదానా, వాళ్లు నిన్ను గుమ్మం తొక్కనిస్తారా? మీ అమ్మలాంటి కూలీల మీద రాయి, తేలిక."

"మా గుమ్మమైతే ఎవరైనా తొక్కొచ్చా మేడం?" అనేశాను.

ఆమెకు ఒళ్లు మండింది. ఒక్క యజమానినైనా ఒప్పించుకు రా, లేదంటే వేరే గైడును చూసుకో అంది.

జీడి రసానికి పొక్కిన అమ్మ చేతులకు కొబ్బరినూనె రాస్తున్నావా? మానొద్దు. చిన్నాన్నకు దణ్ణాలు.

నువ్వు జాకెట్లు కుట్టిపెట్టే సరోజినమ్మను, అదే అమ్మ పనిచేసే ఫ్యాక్టరీ యజమాని భార్యను, ఆయనతో మాట్లాడటానికి నేనెప్పుడు రావాలో అడుగు. వాళ్ల ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టిన పిల్లే వస్తోందని దాచకుండా చెప్పు. వీధి తలుపే తీయమను.

నీ చెల్లెలు
శోభన