శ్రావణ శుక్రవారం పెళ్లిచూపులు

పంజాగుట్ట,
డిసెంబరు, 2001.

చి. హరిణికి అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. 'మేమంతా' అని రాయబోయి కొట్టేశాను. మీ నాన్న పోయి ఏడాది దాటినా చేతికి అలవాటు పోలేదు.

బెంగుళూరు చలికి జలుబు తగ్గడం లేదన్నావు. స్వెట్టరు పెట్టెలో దాచుకుంటే ఎలా తగ్గుతుందే? నేను బీపీ మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. మేడమీద గదిలో మళ్లీ జావా నేర్చుకునే కుర్రాళ్లు దిగారు. అమీర్‌పేటలో క్లాసులు, మన మేడమీద నిద్రలు.

ఇక నువ్వడిగిన సంగతి. ఎదురింటి జానకీదేవి కోర్టులో 'పెళ్లివారొచ్చారనుకున్నాను' అందని మండిపడ్డావు. పాపం, ఆవిడ నిజమే చెప్పింది.

మీ నాన్న పోయిన ఆ శుక్రవారం మధ్యాహ్నం, మేడమీద గది అద్దెకి చూస్తామని ఇద్దరొచ్చారు. తారక్ అనేవాడు కృష్ణానగర్‌లో ఉంటూ సినిమాల్లో గుంపులో నిలబడే రకం. టక్ చేసుకుని దొరబాబులా ఉన్నాడు. వాడి వెనక బోరబండలో ఉండే ఓదెలు. గడపకి పసుపు రాసి ఉందని ఓదెలు బయటే చెప్పులు విప్పాడు. వాణ్ణి చూసి తారక్ కూడా బూట్లు విప్పాడు. దోచుకోవడానికొచ్చిన వాళ్లకి ఎంత మడో చూడు! లోపలికొచ్చాక కత్తి తీశారు. మీ నాన్న అరవబోతే తారక్ ఆయన నోట్లో తువ్వాలు కుక్కాడు. పడగ్గదిలో మంచానికి కట్టేసి ఓదెలుని కాపలా పెట్టాడు.

నేను బీరువా తాళం తీస్తుంటే జానకీదేవి ఊడిపడింది. శ్రావణమాసం, గుమ్మం ముందు కొత్త మగాళ్ల చెప్పులు. పిలవని పేరంటానికి ఆవిడకి ఇంకేం కావాలి? "హరిణికి సంబంధమా? నాతో అనలేదేంటండీ?" అంటూ సోఫాలో కూర్చుంది. తారక్ ఆవిడ పక్కనే చేరి, కత్తి మీద పేపరు కప్పాడు.

"ఏం చేస్తుంటారు బాబూ?"

"సాఫ్ట్‌వేరండి."

"జావానా, ఒరాకిలా?"

"రెండూనండి."

పాపం, వాడికి జన్మలో మొదటిసారి డైలాగు దొరికింది. పెళ్లయ్యాక అమ్మాయి ఉద్యోగం మానక్కర్లేదని కూడా సెలవిచ్చాడు. ఆవిడ మురిసిపోయి నన్ను కాఫీ పెట్టమంది.

అప్పుడు లోపల్నించి దగ్గు వినిపించింది. వెంటనే "కమలా!" అని మీ నాన్న కేక. తారక్ చెయ్యి పేపరు కిందికి పోయింది. చూపు ఆవిడ మెడ మీదుంది. "ఆయనకి ఉబ్బసం, మందిచ్చి వస్తా" అని లోపలికి పరిగెత్తాను.

ఇక్కణ్ణుంచి పోలీసులకి నేను చెప్పిందంతా అబద్ధం.

ఓదెలు తువ్వాలు తీసేసి మీ నాన్నకి నీళ్లు పడుతున్నాడు. ఆయన మళ్లీ అరవబోయారు. ఆ తువ్వాలు లాక్కుని నేనే కుక్కాను హరిణీ.

ఓదెలు నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దమ్మా! పెద్దాయనకు ఊపిరి ఆడుతలేదు. సచ్చిపోతడు."

"అరిస్తే అవతల ఆవిణ్ణి పొడిచేస్తాడు. తీశావంటే చంపుతాను" అన్నాను. దొంగని నేను బెదిరించాను. మీ నాన్న నావైపే చూస్తున్నారు. తలుపు దగ్గరగా వేసి వచ్చి కాఫీ ఇచ్చాను. పంచదార చాల్లేదంది జానకీదేవి.

ఆవిడ వెళ్లాక చూస్తే, ఓదెలు కట్లు విప్పేసి, మీ నాన్న అరికాళ్లు రుద్దుతూ ఏడుస్తున్నాడు. అప్పటికే ఆయన చల్లబడిపోయారు. ఇద్దరూ చెప్పులైనా వేసుకోకుండా పారిపోయారు, తర్వాత పోలీసులకి దొరికారు.

"కాపలా ఉన్నవాడేగా కుక్కింది?" అన్నాడు ఎస్సై. తలూపాను. అలా ఓదెలు మీద హత్యకేసు పడింది. వాణ్ణి ఉరితీస్తేగానీ నిద్రపట్టదని నువ్వు రాసినప్పుడల్లా నాకు ముద్ద దిగలేదు.

సోమవారం నాంపల్లి కోర్టులో నా సాక్ష్యం. ఓదెలుని వేలు పెట్టి చూపించమంటారు. చూపించలేను. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ఆవిణ్ణి కాపాడాలని చేశానో, నా ప్రాణం మీద తీపితో చేశానో నాకే తెలీదు. తర్వాత నన్ను ఇంటికి పంపుతారో లేదో కూడా తెలీదు. ఎవరో చెప్పగా వినేకంటే నా చేతిరాతలో చదువుకుంటావని రాస్తున్నాను.

రాకపోయినా ఏమీ అనుకోనని రాయాలనుంది, రాయలేను. భయంగా ఉందే. రా.

ఇట్లు,
నువ్వు ఒప్పుకుంటే,
మీ అమ్మ