ఒక్క రోజు ఒప్పందం

థండర్ బే,
జూలై 4

లూన్స్ హాకీ క్లబ్ యాజమాన్యానికి,

నమస్కారం పెట్టడం లేదు. ఎందుకో చదివితే తెలుస్తుంది.

ఒకటో తారీకున మీ క్లబ్బులన్నీ సంత పెట్టుకుని, ఒప్పందం తీరిపోయిన ఆటగాళ్ళను పాడుకున్న సంగతి పేపర్లో చూశాను. ఇరవై మూడేళ్ళ కుర్రాడికి ఎనిమిదేళ్ళు రాసిచ్చారు. ఆ కిందే చిన్న అక్షరాల్లో మా బాబాయ్: "వాల్టర్ లాంపినెన్, ఒక్క రోజు."

ధాన్యపు గిడ్డంగిలో పనిచేసే నాకే వారం పని ఖాయం. నాన్న పోయాక అమ్మనూ నన్నూ చూసుకున్న మనిషిని, రెండు మోకాళ్ళూ అరిగాక, రోజుకూలీకి పిలుస్తారా? మంచు మీద ఆడే మీ హాకీ నేను చూడను. శ్రమ దోపిడీ మీద పదిహేడు కరపత్రాలు చదివాను. కనీసం ఏడాదికి రాయండి.

ఇట్లు, మండిపోతూ,
ఎర్కి లాంపినెన్

తా.క. ఆ రోజు భోజనం పెడతారా, క్యారేజీ తెచ్చుకోవాలా?


లూన్స్ కార్యాలయం,
జూలై 9

శ్రీ ఎర్కి గారికి,

మీ అభిమానానికి కృతజ్ఞతలు. ఒక్క రోజు కావాలని వాల్ట్ గారే అడిగారు. జీతం వద్దన్నారు కూడా. మాకందరికీ ఎంతో సంతోషంగా ఉంది.

భవదీయురాలు,
బెర్నిస్ గోతియే, కార్యదర్శి

తా.క. భోజనం ఉంది, కేకు కూడా. ఎన్ని కుర్చీలు వెయ్యమంటారు?


థండర్ బే,
జూలై 13

గోతియే గారికి,

జీతం లేకుండా పని, దానికి మీకు సంతోషం. నా దగ్గరున్న కరపత్రాల్లో కూడా ఇంత ఘోరం లేదు.

బాబాయ్‌ని నిలదీస్తే "నీకు తెలీదులేరా" అని గరాజ్‌లోకి పోయి స్కేట్లు తుడుచుకుంటున్నాడు. భయపెట్టారని అర్థమైంది. సంతకం పెట్టే రోజు, ఇరవై రెండున, కార్మికులతో వచ్చి మీ గుమ్మంలో బైఠాయిస్తాను. ఆ కాగితం నా చేత్తో చింపుతాను.

పోరాట వందనాలతో,
ఎర్కి

తా.క. కార్మికులంటే ప్రస్తుతానికి నేనూ, గిడ్డంగిలో నాతో పనిచేసే సులో. సులో రావడం కేకు ఏ రకమన్నదాన్ని బట్టి ఉంటుంది.


లూన్స్ కార్యాలయం,
జూలై 17

బాబూ ఎర్కీ,

అది పని కాదయ్యా. మీ బాబాయ్ ఇక్కడ పదకొండేళ్ళు ఆడాడు. ఆ తర్వాత ప్రతి వేసవిలో ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. అలా ఆరు ఊళ్ళు తిరిగాడు. ఆట మానేసే మనిషి తన సొంతం అనుకున్న జట్టులో ఒక్క రోజు చేరి, ఆ చొక్కాతోనే సెలవు తీసుకుంటాడు. ఇది మా ఆనవాయితీ.

ఇలాంటి రోజులు చాలా చూశాను. పక్కన మనవాళ్ళు లేకపోతే ఆ సంతకం కష్టం. చింపడానికైనా సరే, రా.

నీ మేలు కోరే,
బెర్నిస్

తా.క. చాక్లెట్ కేకు.


థండర్ బే,
జూలై 25

బెర్నిస్ పిన్నిగారికి నమస్కారాలు.

ఆ రోజు మీరు తలుపు దగ్గరగా వేసి వెళ్ళాక ఏం జరిగిందో రాస్తున్నాను. బాబాయ్ కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఏం బాబాయ్?"

"ప్రతి జూలైలో ఎవడో ఒకడు ఫోన్ చేసేవాడురా, వచ్చెయ్ వాల్ట్ అని. ఈ సంతకం పెడితే ఇంకెవడికీ అక్కర్లేదు నేను."

నా కరపత్రాలు పక్కన పెట్టాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట చెప్పాను. నాకు స్కేటింగ్ రాదు. లాంపినెన్ల ఇంట్లో పుట్టి, పంతొమ్మిదేళ్ళొచ్చి, మంచు మీద నిలబడలేను. నేర్పాల్సిన మనిషి ప్రతి చలికాలం ఇంకో ఊళ్ళో ఉన్నాడు. హాకీ మీద నా పగంతా అదే.

బాబాయ్ నా వైపు తిరిగి, "ముందే చెప్పి ఏడవచ్చు కదరా వెధవా" అన్నాడు. సంతకం పెట్టేశాడు.

అప్పుడే మీ బల్ల మీది తెల్ల కాగితం ఒకటి అడక్కుండా తీసుకున్నాం. దాని మీద మా ఒప్పందం రాసి జతపరిచాను. వాల్టర్ లాంపినెన్, మూడు చలికాలాలు, గడ్డకట్టిన మా ఊరి సరస్సు మీద. మధ్యలో తీసెయ్యడానికి వీల్లేదు. సాక్షి సంతకం మీరు పెట్టి పంపాలి.

ఇట్లు,
ఎర్కి లాంపినెన్, యజమాని

తా.క. బాబాయ్ ఒకే ఒక్క షరతు పెట్టాడు: నేను పడ్డప్పుడల్లా ముందు నవ్వి, తర్వాతే లేపుతాడట. ఒప్పుకున్నాను.