నాలుగో మలుపు దగ్గర

ప్రియమైన తమ్ముడూ,

ఎట్టకేలకు మీ బావ మనసు కరిగింది. వచ్చే నెల మొదటి ఆదివారం ముగ్గురం నీ పట్నానికొస్తున్నాం. కోట, రాణిగారి మేడ, పాత అంగడివీధి అన్నీ చూడాలి. అన్నిటికన్నా ముందు నువ్వు తాపీ పట్టి బాగుచేసిన బురుజు ఎక్కాలి. "మా మామయ్య లేకపోతే అది ఎప్పుడో కూలేది" అని చిట్టిది బడంతా చాటింపు వేసింది. తిరుగు బండిలో నిన్ను కూడా పల్లెకి లాక్కొస్తాం. నీ మొహం చూసి ఏడాదిన్నరైంది.

నిన్ను చూడాలని ఎదురుచూసే
అక్క

అక్కకి నమస్కారాలు,

రండి, సంతోషం. కోట చూపిస్తాను, మేడ చూపిస్తాను. బురుజు మాత్రం వద్దు. మెట్లు ఇరుకు, చీకటి, గబ్బిలాల కంపు. బావ మోకాళ్ళు అసలే అంతంతమాత్రం. అయినా పైన చూడ్డానికి ఏముంది, గాలి తప్ప? పోనీ, ప్రయాణం మానుకోండి, నేనే పల్లెకొస్తాను. వానలు కూడా పడేట్టున్నాయి. వెంటనే జవాబు రాయి.

నీ తమ్ముడు

ఒరేయ్ తమ్ముడూ,

ప్రతి ఉత్తరంలోనూ ఆ బురుజు గొప్పలతో ఊదరగొట్టింది నువ్వే కదరా! ఇప్పుడు గబ్బిలాలా? చిన్నప్పుడు పక్కింటివాళ్ళ గొడుగు పోగొట్టినప్పుడూ ఇంతే, అడక్కుండానే నాలుగు కారణాలు చెప్పావు. ఏదో దాస్తున్నావు. చెప్తావా, వచ్చి ఎక్కి నేనే చూసుకోనా?

అక్క

అక్కా,

బురుజు మెట్ల నాలుగో మలుపు దగ్గర గోడకి పగులుంది. అలాంటిచోట అడ్డంగా సన్నటి గాజుపలక అతికిస్తాం. గోడ నిలకడగా ఉంటే గాజూ నిలుస్తుంది, కదిలితే పుటుక్కుమంటుంది. మూడు వారాల్లో రెండు విరిగాయి. ఇంజనీరుకి చెప్పాను. "బురుజు ప్రారంభోత్సవం దగ్గరపడింది. పూత పూసేసి నోరు మూసుకో" అన్నాడు. పూశాను. ఎంత నున్నగా పూశానంటే, ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ కనబడదు.

రోజూ వందలమంది ఎక్కుతున్నారు. పక్కన కోటగోడ పని చేస్తూ, దిగివచ్చినవాళ్ళని చూసి ఊపిరి పీల్చుకుంటాను. చిట్టిది ఎక్కుతుందనేసరికి ఇక ఉండబట్టలేక రాశాను. మీరు రావొద్దు. ఇది చదివి చించెయ్.

పాపిష్టి తమ్ముడు

తమ్ముడూ,

చించలేదు. వచ్చాం. ఈ ఉత్తరం మీ బావ చేతికిచ్చి నీ గదికి పంపుతున్నాను. చిట్టిదాన్నీ ఆయనవెంటే పంపాను.

పొద్దున్నే బురుజు కాపలావాడికి నాలుగో మలుపు దగ్గర పగులుందని చెప్పాను. పాపం, పైకి వెళ్ళి చూసొచ్చాడు. "గోడ అద్దంలా ఉందమ్మా" అని నవ్వాడు. నువ్వంత బాగా పూస్తే ఆ పగులు నేనెలా చూపించను? అందుకే గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. జనం తిడుతున్నారు. ఒకావిడ చంకలో బిడ్డతో నన్ను దాటబోతే చెయ్యి పట్టి లాగాను.

చిట్టిది నీ మేనకోడలు కాబట్టి చెప్పావు. ఈ బిడ్డకి తాపీమేస్త్రీ మామయ్య లేడురా!

పోలీసులకి కబురెళ్ళింది. వాళ్ళొచ్చి నన్ను పక్కకి లాగేస్తే వీళ్ళంతా ఎక్కేస్తారు. ఉద్యోగం పోతే పోనీ. సుత్తి తీసుకుని పరిగెత్తుకురా. నువ్వు పూసింది నువ్వే కొట్టి చూపించు.

గుమ్మంలో
మీ అక్క