వెనక్కెళ్లి చూసుకునే పిల్ల

తమ్ముడికి,

నీ కాలి సలుపు తగ్గిందా? మరదలి దగ్గు ఎలా ఉంది? కోడలికి నెలలు నిండుతున్నాయి కదా, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోమను. ఇక్కడ నాకు నిద్ర తప్ప అన్నీ బాగున్నాయి.

మనవరాలు రేవులో కళాసీ పనికి పెట్టిన పరీక్ష నెగ్గింది. ఓడ నిచ్చెన ఎక్కింది. తనకంటే పొడుగున్న ఇనపకడ్డీ ఎత్తి, సరుకు పెట్టెలు కదలకుండా మరలు బిగించింది. ఇక పాత కళాసీ ఒకరు పూచీ సంతకం పెట్టాలట. మన ఇంట్లో పాత కళాసీవి నువ్వే. అడిగితే, "ఆడపిల్లకి రేవేంటి, నీకు మతి పోయిందా అక్కా?" అని ఫోన్ పెట్టేశావు.

నాకు భయం లేదనుకోకు. అది ఓడెక్కిన రోజు గేటు బయట నిలబడి కొంగు కొరికి చిల్లు పెట్టుకున్నాను. అప్పుడు అక్కడి మేస్త్రీ వచ్చి, "బిగించిన ప్రతి మరా వెనక్కెళ్లి మళ్లీ చూస్తోందమ్మా, ఎవరు నేర్పారు?" అన్నాడు. ఎవరు నేర్పుతారు? తాళం వేసి నాలుగుసార్లు లాగి చూసే నన్ను చూస్తూ పెరిగింది. మీరంతా నవ్వే గుణమే అది.

ఆనాడు నీ కాలు నలిపిన పెట్టెని కట్టినవాడు ఒక్కసారి వెనక్కెళ్లి చూసుకుని ఉంటే, ఇవాళ నువ్వు కుంటేవాడివా?

ఎంతైనా తిట్టు, పడతాను. సంతకం మాత్రం పెట్టాలి. కళ్లజోడు ఇప్పుడే వెతికి పెట్టుకో. పదో తారీఖు బుధవారం, పొద్దున మొదటి బస్సుకి మేమిద్దరం వస్తున్నాం.

అక్క